చల్లారని తొట్టి

జ్యేష్ఠ పౌర్ణమి

తొట్టి కావలి చేసేవాళ్ళు చెప్పుకోదగ్గ సంగతి ఉన్న రోజున పొద్దుగూకే వేళకు ఈ పుస్తకంలో నాలుగు మాటలు రాయాలని ఊరి సభ నియమం. వేడి అంకెలకు వేరే పలక ఉంది. అంకెల్లో పట్టని సంగతులు, మా తర్వాత వచ్చేవాళ్ళకు పనికొచ్చేవి ఇక్కడ రాయమన్నారు. నా పేరు వాయల మస్తానమ్మ. కొత్తమెరక నీటి ఫ్యాక్టరీలో చల్లార్పు తొట్టి చూసుకుంటాను. నాకు తోడు జిలానీ అన్న.

పని మామూలే. ఊక మంట మీద సముద్రపు నీళ్ళు కాచి, ఆ ఆవిరి పట్టి ఊరికి మంచినీళ్ళు చేస్తారు. మిగిలిన ఉప్పునీళ్ళు పొగలు కక్కుతూ మెట్ల మీదుగా జారి మా తొట్టిలోకి దిగుతాయి. పగలు ఎండ తగలకుండా తొట్టి మీద నీడగుడ్డ లాగుతాం. సాయంత్రం గుడ్డ చుట్టేసి నీళ్ళను ఆకాశానికి వదిలేస్తాం. పొద్దున నీళ్ళు ముప్ఫై నాలుగు డిగ్రీల గీతకు దిగి ఉంటే, పాటు మొదలై సముద్రం వెనక్కి తీయగానే తూము తీసి ఉప్పుటేట్లోకి పంపిస్తాం. ఏట్లో ఆలుచిప్పలు పెంచుకునే పీతలపాయ పల్లె ఉంది. వాళ్ళ చిప్పలు అంతకు మించిన వేడి ఓర్చుకోలేవు. సముద్రం దాకా నేరుగా పోయే గొట్టాన్ని సముద్రం రెండోసారి ఊళ్ళోకి వచ్చినప్పుడు ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఏరు తప్ప దారి లేదు.

ఒకప్పుడు ఇక్కడ కరెంటుతో తిరిగే పెద్ద ఫంకాలు ఉండేవట. ఇప్పుడు సౌరపలకల కరెంటు ఆసుపత్రి మంచుగదికీ, సముద్రపు నీళ్ళు తోడే మోటార్లకే బొటాబొటి. మా తొట్టిని చల్లార్చేది గాలే. దానికి దారి విడవడం మా పని.

ఈ రోజు పొద్దున నీళ్ళు ముప్ఫై ఏడు దగ్గరే ఆగిపోయాయి. తూము తీయలేదు.

"పడమటి గాలి పడిపోయింది మస్తానమ్మా," అన్నాడు జిలానీ అన్న. "రేపటికి లేస్తాదిలే."

బహుళ విదియ

గాలి లేవలేదు.

తొట్టి గట్టు మీద రెండు థర్మామీటర్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకటి మామూలుది. రెండోదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. తడి ఆరేకొద్దీ అది చల్లబడుతుంది. గాలి పొడిగా ఉన్న రోజు రెండింటికీ చాలా తేడా కనిపిస్తుంది. ఆ తడిగుడ్డ ఎంత చూపిస్తే, తొట్టి నీళ్ళు ఎంత ప్రయత్నించినా అంతకంటే కిందికి దిగవు. మామూలు వేసవిలో అది ఇరవై ఎనిమిది దాటదు. ఈ రోజు ముప్ఫై రెండు. గాలి నిండా నీళ్ళే. ఇంకో చుక్క పట్టేంత ఖాళీ లేదు దాన్లో.

మొన్నటివీ నిన్నటివీ నీళ్ళు అలాగే ఉన్నాయి, వాటి మీదికి ఈ రోజు నీళ్ళు దిగాయి. తొట్టి సగానికి పైగా నిండింది.

సాయంత్రం మా చెల్లెలు కామాక్షమ్మ వచ్చింది. పీతలపాయలో ఉంటుంది. ఏట్లో గుంజలకు కట్టి చిప్పలు పెంచే తాళ్ళు పల్లెలో అందరికంటే దానికే ఎక్కువ. తాళ్ళకు అంటించిన చిప్ప పిల్లలు ఇప్పుడు వేలి గోరంత ఉన్నాయట. పోయిన ఏడాది తెగులు తగిలి అంతా పోతే, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"అక్కా, తొట్టి దిగలేదంట కదా. వేడిగా వదిలేస్తారా ఏంది?"

"వదలంలే. గీతకు దిగిందాకా తూము తియ్యం. ఎప్పుడన్నా తీసినామా?"

"తియ్యలేదు గానీ, ఊళ్ళో అట్టా అనుకుంటా ఉండారు."

"ఊళ్ళో మాటలు ఇనబాక. తూము తిప్పే చక్రం నా చేతుల్లో ఉండాది."

ఆ మాట చెప్పి దాన్ని పంపించాను. అది నమ్మి పోయింది.

బహుళ చవితి

ఊరంతా వచ్చింది. ఫ్యాక్టరీ పెద్ద ఇందుమతి గారు పొద్దున్నే కబురు చేస్తే బడి మూసేసి పిల్లలూ, పంతుళ్ళూ, చేపల మార్కెట్ ఆడవాళ్ళూ అందరూ బకెట్లు పట్టుకుని గట్టెక్కారు. నీళ్ళు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోయమన్నారు. పై నుంచి పడేటప్పుడు గాలి తగిలి కొంత చల్లారుతుందని. కొందరు తాటాకు తడకలతో విసిరారు. పక్కనున్న పాత ఉప్పుమళ్ళలోకి కొంత మళ్ళించి పలచగా పరిచాం.

అందరి చేతులూ బొబ్బలెక్కాయి. మధ్యాహ్నానికి ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోయారు. సాయంత్రం థర్మామీటరు ముంచి చూస్తే అర డిగ్రీ కూడా తగ్గలేదు. ఉప్పుమళ్ళలో నీళ్ళు ఎండకు ఇంకాస్త కాగాయి.

ఇందుమతి గారు అంకె చూసి, థర్మామీటరు దులిపి మళ్ళీ ముంచారు. మూడోసారి కూడా ముంచబోతుంటే జిలానీ అన్న నెమ్మదిగా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"వద్దులేమ్మా. అది నిజమే చెప్తా ఉండాది."

ఆమె గట్టు మీదే కూర్చుండిపోయింది. "ఎక్కడైనా పోసేద్దామంటే ఈ నేల కింద పైర్లకు పెట్టుకునే ఊటనీళ్ళున్నాయి జిలానీ గారూ. ఉప్పు ఒక్కసారి దిగితే ఎన్నేళ్ళకూ పోదు. నాకు ఇంకేమీ తోచడం లేదు."

ఆ మాట ఆమె నోట వినేసరికి నాకు భయం వేసింది. అంతమంది వచ్చి, అంత చేసినా ఏమీ కాలేదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు.

బహుళ షష్ఠి

తడిగుడ్డ ముప్ఫై మూడు.

మనిషి ఒళ్ళు కూడా చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఇప్పుడు చెమట కారుతోంది గానీ ఆరడం లేదు. నీడలో కూర్చున్నా, తడిబట్ట కప్పుకున్నా అంతే. ఊళ్ళో మామూలుకు రెండింతలు నీళ్ళు తాగుతున్నారు. అంటే ఫ్యాక్టరీ రెండింతలు కాచాలి. కాచేకొద్దీ మా తొట్టికి రెండింతలు దిగుతాయి.

ఈ పొద్దున నీడగుడ్డ లాగుతుంటే జిలానీ అన్న చేతిలో తాడు జారింది. ఏదో అన్నాడు, అర్థం కాలేదు. మొహం ఎర్రగా కందింది. ఒళ్ళు పట్టుకుంటే కాలుతోంది. నేనూ, ఊక మోసే ఇద్దరూ కలిసి తడకమీద వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాం. మంచుగదిలో అప్పటికే నేల మీద కూడా చోటు లేదు. గుమ్మం దగ్గర పడుకోబెట్టారు. అక్కడికి ఆ చల్లగాలి కొసరు తగులుతుందని డాక్టరు చెప్పింది.

అన్న నా చెయ్యి వదల్లేదు. "గుడ్డ," అన్నాడు. "గుడ్డ కప్పినావా?"

కప్పలేదు. సగం లాగి వదిలేసి వచ్చాం. కప్పానని చెప్పాను.

బహుళ సప్తమి

సభ జరిగింది. పీతలపాయ వాళ్ళను కూడా పిలిచారు. తొట్టి నిండడానికి జానెడు మాత్రం ఉంది. ఫ్యాక్టరీ ఆపాలి, లేకపోతే తూము తీయాలి. మూడో మాట ఎవరి దగ్గరా లేదు.

మా మరిది పెంచలయ్య, కామాక్షమ్మ మొగుడు, ముందుకొచ్చి నిలబడ్డాడు. అసలు నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు.

"మేము నీళ్ళు వద్దంటం లేదయ్యా. మేమూ మీ నీళ్ళే తాగుతుండాం. ఒక్కపని చెయ్యండి. తాళ్ళు ఏటి నోటి కాడికి లాక్కుపోతాం. ఆడ సముద్రం నీళ్ళు కలుస్తాయి. మాకు రొంత టైమియ్యండి."

"అక్కడ అలలకు తెగిపోవా?" అని ఎవరో అడిగారు.

"తెగుతాయి. ఈడ ఉంటే ఉడుకుతాయి. తెగినా కొన్నన్నా మిగుల్తాయేమో అని."

ఎవరూ కాదనలేదు. ఫ్యాక్టరీ ఆపి, ఇంట్లో ఉన్న నీళ్ళతో సర్దుకుని, పల్లెకు గడువివ్వాలని అందరూ చేతులెత్తారు. ఎత్తనివాళ్ళు ఒక్కరూ లేరని నేను ఇక్కడ రాస్తున్నాను. తర్వాత ఎవరైనా ఈ ఊరిని తిడితే ఇది కూడా చదవాలి.

బహుళ నవమి

బాయిలర్లు ఆపారు. ఊళ్ళో ఇంత నిశ్శబ్దం నేనెరగను. ఏట్లో మాత్రం పడవలు. పల్లెవాళ్ళు మెడలోతు నీళ్ళలో నిలబడి, తాళ్ళు విప్పి, పడవ వెనక కట్టుకుని ఏటి నోటి దాకా లాగుతున్నారు. తొందరగా లాగితే చిప్ప పిల్లలు రాలిపోతాయి. మెల్లగా లాగితే రోజంతా నాలుగు పడవల తాళ్ళు కూడా చేరవు.

తొట్టి ఇవాళ ముప్ఫై ఎనిమిది. కొత్త నీళ్ళు రాకపోయినా అక్కడే ఉంది. బెల్లం పాకంలా కదలకుండా, పైన ఉప్పు తెట్టు కట్టి.

ఆసుపత్రిలో జిలానీ అన్న కళ్ళు తెరిచాడు. మాట ముద్దగా వస్తోంది.

బహుళ దశమి

తూర్పు వీధి వాళ్ళు దాహానికి ఆగలేక పాడుబడిన బావిలో నీళ్ళు తోడుకుని తాగారు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. ఇద్దరు ముసలివాళ్ళూ, నెలల బిడ్డ ఒకటీ పోయారు. బిడ్డ తల్లి పేరు సలోమి. గట్టెక్కి బకెట్లతో నీళ్ళు పోసిన వాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ రోజు బిడ్డను ఎవరి చేతికి ఇవ్వాలో తెలియక వీపుకు కట్టుకునే పోసింది.

బాయిలర్లు మళ్ళీ వెలిగించారు. ఎవరూ అడ్డుపడలేదు. పీతలపాయ వాళ్ళు కూడా.

మెట్ల మీద వేడినీళ్ళు మళ్ళీ దిగాయి. సాయంత్రం గట్టు చుట్టూ తిరుగుతుంటే తూర్పు మూల మట్టి నా కాలికింద మెత్తగా దిగింది. వంగి చూస్తే చెమ్మ. వేడి చెమ్మ. ఆ మూల కింద ఊక రాశులున్నాయి, వాటిని ఆనుకుని పనివాళ్ళ ఇళ్ళు. పరిగెత్తుకుంటూ పోయి ఇందుమతి గారికి చెప్పాను. ఆమె వచ్చి కాలితో తొక్కి చూసింది. తొక్కిన చోట నీళ్ళు ఊరాయి.

"ఇళ్ళు ఖాళీ చేయించండి," అంది. "రేపు పొద్దుటి పాటుకు తూము తీయాలి. తొట్టి కట్ట దానంతట అది తెగితే ఇళ్ళూ పోతాయి, ఏరూ పోతుంది."

"మా చెల్లెలితో ఎవరు చెప్తారు మేడమ్?"

నేనే పోయి చెప్పాను. కామాక్షి వలల గుడిసెలో కూర్చుని అరచేతులకు పసుపు అద్దుకుంటోంది. చిప్పల అంచులకు చేతులు చీరుకుపోయి ఉన్నాయి. నేను చెప్పిందంతా విని, "సగం కూడా కాలేదక్కా," అంది. మళ్ళీ పసుపు అద్దుకోసాగింది.

బహుళ ఏకాదశి

ఇది జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాటు మొదలయ్యే వేళకు కట్ట మూల నుంచి సన్నటి ధార కడుతోంది. ఇళ్ళ వాళ్ళు సగంమంది బయటపడ్డారు. మంచాన ఉన్నవాళ్ళను ఇంకా మోస్తున్నారు. నేనూ ఇందుమతి గారూ తూము దగ్గర నిలబడ్డాం. ఏట్లో పడవలన్నీ ఒడ్డుకు వచ్చేశాయి. కామాక్షి మాత్రం నీళ్ళలోనే ఉంది. తూముకు ఎదురుగానే, మెడలోతులో, గుంజకున్న తాడు విప్పుతోంది. పెంచలయ్య ఒడ్డున నిలబడి రమ్మని చేతులూపుతున్నాడు.

"కామాక్షీ, బయటికి రామ్మే!"

"ఇంకో నాలుగు తాళ్ళుండాయి."

"పాటు మొదలైంది. రా తల్లీ."

"మొదలైతే? నేనుంటే వదులుతావా? వదులు, చూస్తా."

నా చేతులు చక్రం మీదే ఉన్నాయి. ఇందుమతి గారు చక్రం పట్టుకోబోయింది.

"మేడమ్, అది గట్టెక్కిందాకా దీన్ని ఎవరూ ముట్టుకోబాకండి," అన్నాను. ఆమెతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

కట్ట కింద నుంచి ఒకావిడ అరుస్తోంది. ఆవిడ పేరు నాకు తెలియదు. తలమీద చాప, భుజానికి ఆనుకుని ముసలి అత్తగారు.

"అమ్మా కామాక్షమ్మా! మా ఇంటి గోడకు నీళ్ళు తగుల్తుండాయి తల్లీ! ఇంకా లోపల మనుషులుండారు!"

కామాక్షి తల తిప్పి అటు చూసింది. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది. చేతిలో ఉన్న తాడును గుంజకు మళ్ళీ చుట్టి, ముడి వేసింది. ఎందుకు వేసిందో నాకిప్పటికీ తెలియదు. మెల్లగా నడిచి గట్టెక్కింది. చీర నీళ్ళు కారుతుండగా వచ్చి చక్రం పక్కన చతికిలబడింది.

"తియ్," అంది. "నన్ను మాత్రం చెయ్యెయ్యమనబాక."

చక్రం ఉప్పుకు బిగుసుకుపోయింది. నేనూ ఇందుమతి గారూ కలిసి తిప్పాం. తలుపు లేచిన చప్పుడుకు కామాక్షి కళ్ళు మూసుకుంది. వేడినీళ్ళు ఏట్లో పడగానే నీళ్ళ మీద తెల్లగా ఆవిరి లేచింది. ఆ ఆవిరి కూడా ఎటూ పోలేదు. గాలి లేదు కదా. ఏటి మీదే దుప్పటిలా ఉండిపోయింది. కింద ఏమవుతోందో మాకు కనిపించలేదు.

కట్ట నిలిచింది. ఇళ్ళు నిలిచాయి.

బహుళ త్రయోదశి

ఏటి ఒడ్డున నడిచాను. తాళ్ళ మీద చిప్పలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎంత చిన్నవో. పీతలు బురద మీదికి పాకివచ్చి అక్కడే ఆగిపోయాయి. వాసన ఊళ్ళోకి కూడా వస్తోంది. జనం తలుపులు మూసుకుంటున్నారు. అది వాసనకో, సిగ్గుకో చెప్పలేను.

ఏటి నోటి దగ్గరికి చేర్చిన తాళ్ళలో చాలావరకు అలలు తెంపేశాయని పెంచలయ్య చెప్పాడు. మిగిలినవాటి మీద పిల్లలు రాలిపోయాయి.

"నువ్వేం చేస్తావులే వదినా," అన్నాడు. ఆ మాటకు బదులు తిట్టినా బాగుండేది.

ఆషాఢ శుద్ధ తదియ

గాలి తిరిగింది. పడమట నుంచి పొడిగా, దుమ్ము కలిసి. తడిగుడ్డ ఇరవై ఏడుకు పడిపోయింది. ఊరంతా వీధుల్లోకి వచ్చి మొహాలెత్తి నిలబడ్డారు. సలోమి కూడా గుమ్మంలోకి వచ్చింది, ఒక నిమిషం నిలబడి లోపలికి పోయింది. తొట్టి ఒక్క రాత్రికే గీత కిందికి దిగింది. పొద్దున చెయ్యి పెడితే చల్లగా, హాయిగా ఉంది. చెయ్యి వెంటనే తీసేశాను.

జిలానీ అన్న ఇంటికి పోయాడు. ఇక ఎండలో పని చెయ్యకూడదన్నారు.

ఆషాఢ శుద్ధ పంచమి

కామాక్షీ పెంచలయ్యా పడవ మీద దక్షిణానికి పోతున్నారు. పెద్ద సరస్సుకు అవతల ఎక్కడో ఒక ఏట్లో ఆలుచిప్పలు ఇంకా బతికున్నాయని ఎవరో చెప్పారట. దొరికితే పిల్లల్ని తెచ్చి మళ్ళీ వేస్తారట. దారికి నీళ్ళు కావాలని డబ్బాలు తెచ్చింది. నింపి ఇచ్చాను. తూము తీసిన రోజు తర్వాత అది నాతో మాట్లాడటం ఇదే మొదలు.

"ఎప్పుడొస్తారు?"

"దొరికితే తొందరగానే. దొరక్కపోతే తెలీదు."

"దొరుకుతాయిలే."

"నువ్వు అట్టా చెప్పబాకక్కా," అంది. కోపంగా కాదు. డబ్బా నెత్తిన పెట్టుకుని పోయింది.

ఆషాఢ శుద్ధ సప్తమి

ఇందుమతి గారు పొద్దున తొట్టి దగ్గరికి వచ్చింది. సభ తీర్మానం చెప్పడానికి. ఇకనుంచి నీళ్ళు చల్లార్చక్కర్లేదు. ఏట్లో కాపాడుకోవడానికి ఏమీ లేదు కాబట్టి వేడిగానే నేరుగా వదిలేయొచ్చు. తొట్టి ఖాళీగా ఉంటే కట్టకు బరువు ఉండదు, మళ్ళీ అలాంటి ఉక్కపోత వస్తే ఎవరికీ ప్రాణభయం ఉండదు. నన్ను ఊక గోదాముకు మారుస్తారు.

ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు.

"మా చెల్లెలు పిల్లల్ని తెచ్చేదానికి పోయింది మేడమ్."

"తెలుసు."

"రోజూ వేడినీళ్ళు పోతా ఉంటే, తెచ్చినా యాడ వేస్తాది?"

"అదీ తెలుసు మస్తానమ్మ గారూ." ఆమె కళ్ళ కింద నల్లటి చారలు ఇంకా పోలేదు. "సభలో అడిగాను. తెచ్చినప్పుడు చూద్దామన్నారు. ముందు మనుషులు అన్నారు. నేనేం చెప్పను?"

"నేను మాత్రం ఏం చెప్పేది."

తర్వాత ఆమె వెళ్ళిపోయింది. చక్రం తిప్పమని గానీ, వద్దని గానీ చెప్పలేదు.

పాటు మొదలైంది. తూము దగ్గరికి పోయాను, తీయలేదు. దిగివచ్చిన నీళ్ళను అలాగే ఉంచి, ఒక్కదాన్నే తాడు భుజానికి తగిలించుకుని నీడగుడ్డ లాగాను. జిలానీ అన్న వైపు అంచు సరిగా రాలేదు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే వచ్చింది. రేపు సభ వాళ్ళు ఇంకొకరిని పంపితే, ఆ మనిషి చక్రం తిప్పుతాడు. నేను అడ్డుపడలేను. ఈ పుస్తకం కూడా అతనికే ఇచ్చేస్తాను.

పొద్దుగూకింది, గుడ్డ చుట్టేశాను. గాలి బాగుంది. నీళ్ళు చల్లారుతున్నాయి.